జులై దాకా పెంచిన కోడె

డెమోయిన్ దాటిన పావుగంటకే రోడ్డుకు రెండువైపులా మొక్కజొన్న తప్ప మరేమీ లేకుండా పోయింది. జులై నెల. మనవైపు ఎండ మాడుస్తుంది, అక్కడి ఎండ ఉడకబెట్టింది. ఎకరాలకెకరాల మొక్కజొన్న గాల్లోకి వదిలే తేమ వల్లే ఇంత ఉక్క అని, దీన్ని ఇక్కడివాళ్లు ‘మొక్కజొన్న చెమట’ అంటారని కారు నడుపుతూ మా అల్లుడు చెప్పాడు. నేను హైదరాబాద్‌లో విమానమెక్కి ఎన్నాళ్లో కాలేదు. రాత్రి నిద్ర పట్టదు, పగలు మెలకువ నిలవదు. సగం దారి కునుకులోనే గడిచింది.

మేం వెళ్తున్నది ఒక కౌంటీ ఫెయిర్‌కి. అయోవా రాష్ట్రంలో 99 కౌంటీలున్నాయి. వేసవిలో ఎక్కడికక్కడ ఇలాంటి సంబరాలు నడుస్తాయి. ఆగస్టులో డెమోయిన్‌లో జరిగే రాష్ట్రస్థాయి ఫెయిర్ 1854లో మొదలైంది, దానికొచ్చే జనాన్ని లక్షల్లో లెక్కపెడతారు. మేం వెళ్లింది అంత పెద్దది కాదు, మన పక్కూరి తిరునాళ్లంత. ఏ కౌంటీయో రాయవద్దని మాకు ఆతిథ్యమిచ్చిన కుటుంబం కోరింది కాబట్టి రాయడం లేదు.

బయల్దేరకముందే ఇలాంటి ఫెయిర్ల గురించి రెండు మాటలు విన్నాను. మాడ్రిడ్ అనే చిన్న ఊరి దగ్గర మొక్కజొన్న చేల మధ్య మనవాళ్ల గుడి ఉంది. ఆదివారం అక్కడ ప్రసాదం పంక్తిలో పక్కన కూర్చున్న ఒకాయన, “చిన్నపిల్లల చేత పశువుల్ని పెంచించి, ఆ పిల్లల ముందే కబేళాకి తోలేస్తారండీ, రాతిగుండెలు” అన్నాడు. అల్లుడి మాట వేరు. “అంత ఊహించుకోకండి మామయ్యగారూ. వీళ్లకది పంట. టైమొచ్చింది, కోశారు. మనకున్న సెంటిమెంటు వీళ్లకుండదు” అన్నాడు. అతను అమెరికా వచ్చి పదేళ్లు దాటింది. అలాంటి ఫెయిర్‌లో అడుగుపెట్టడం మాత్రం అతనికీ అదే మొదటిసారి.

నాకు పశువుల మీద ఆసక్తి ఇంటి నుంచి వచ్చింది. అద్దంకి దగ్గర మా ఊళ్లో మా పెదనాన్న ఒంగోలు జతను బండలాగుడు పందేలకు మేపేవాడు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని నోట్లో పళ్లను బట్టి విభాగాలు. ఏ తిరునాళ్లకు ఏ విభాగం పందెం ఉందో ఆయన కంఠతా చెప్పేవాడు. గిత్తల కోసం ఉడకబెట్టిన ఉలవల నీళ్లే మా ఇంట్లో చారు. అందుకే అల్లుడి సహోద్యోగి కూతురు పోటీకి కోడెను మేపుతోందని విన్నప్పుడు, చూడాల్సిందేనని పట్టుబట్టాను.

ఆ సహోద్యోగి పగలు డెమోయిన్‌లో బీమా కంపెనీ ఉద్యోగి, సాయంత్రాలూ శనాదివారాలూ రైతు. మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి పలకరించాడు. ఒంగోలు అంటే ఆయనకు తెలియలేదు గానీ నెల్లూరు అనగానే తలూపాడు. మన కోస్తా నుంచి ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు పశువులు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో లక్షల మందలయ్యాయి. టెక్సాస్ వైపు కనబడే మూపురం బ్రాహ్మన్ పశువుల్లోనూ ఆ రక్తం కలిసింది. “మా చలికి అవి తట్టుకోవు” అని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

కోడె ఎక్కడుందని అడిగితే కొట్టంలో ఒక మూల కట్టిన గది చూపించాడు. తలుపు తీయగానే చల్లగాలి కొట్టింది. ఏసీ. మనుషులున్న ఇంట్లో మాత్రం కిటికీకి పెట్టిన ఫ్యానొక్కటే తిరుగుతోంది. లోపల మసక చీకట్లో, రంపపు పొట్టు పరిచిన నేల మీద నల్లటి కోడె నిలబడి ఉంది. ఆంగస్ సంకరం. కొమ్ముల్లేవు, మూపురం లేదు, గంగడోలు లేదన్నట్టే ఉంది. వీపు బల్లపరుపుగా, వెనుక తొడలు ఉబ్బి, ఒళ్లంతా బొచ్చు. ఒంగోలు గిత్తను చూసి పెరిగిన కంటికి అందులో అందం వెంటనే దొరకలేదు. చల్లదనంలో ఉంచితే వేసవిలోనూ బొచ్చు ఒత్తుగా పెరుగుతుందట. పగలు ఎండలో తిరిగితే నలుపు ఎర్రబారుతుందని, చీకటి పడ్డాకే బయటికి వదులుతారట.

అలాంటి కోడెను అక్కడ స్టీర్ అంటారు. చిన్నప్పుడే విత్తులు తీయించిన మగదూడ. దుక్కికి కాదు, బండికి కాదు, మాంసానికి. పేర్లు పెట్టవద్దని పిల్లలకు మొదటి ఏడాదే చెబుతామన్నాడు తండ్రి. తలుపు లోపలివైపు చాక్‌పీసుతో ‘వాల్టర్’ అని రాసి ఉంది.

అమ్మాయికి పదిహేనేళ్లు. రబ్బరు బూట్లు, జుట్టు వెనక్కి ముడి. మాట తక్కువ, పని మీద ధ్యాస ఎక్కువ. మేం అక్కడుండగానే సాయంత్రం పని మొదలెట్టింది. కోడెను బయటికి తెచ్చి, చన్నీళ్లతో తడిపి, బ్రష్‌తో బొచ్చును ముందుకీ పైకీ దువ్వుతూ, లావుపాటి గొట్టం ఉన్న బ్లోయర్‌తో ఆరబెట్టింది. ఆ హోరులో మాటలు వినబడలేదు. ఇది రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అని తండ్రి నా చెవి దగ్గర అరిచి చెప్పాడు. ఒకచోట బొచ్చు అడ్డంగా తిరిగి ఉంటే ఆమె బ్రష్ పక్కన పెట్టి వేళ్లతోనే సరిచేసింది. కోడె కళ్లు సగం మూసుకుని నిలబడింది.

బ్లోయర్ ఆగాక ఆ కోడె కథ ఆమే చెప్పింది. వసంతంలో పుట్టిన దూడను పాలు మాన్పించాక అక్టోబరులో వేలంలో కొన్నారు. డిసెంబరులో కౌంటీ తూకం. అప్పుడు 610 పౌండ్లు, అంటే మన లెక్కన 277 కిలోలు. ఆ రోజే చెవికి నంబరు బిళ్ల వేశారు. మధ్యలో పశువును మార్చకుండా కొన్ని చోట్ల వెంట్రుకల నమూనా తీసి డీఎన్ఏ కోసం దాస్తారు, కొన్ని చోట్ల కంటి వెనుక రక్తనాళాల అల్లికను ఫొటో తీస్తారు.

మచ్చిక చేసిన తీరు ఆసక్తిగా విన్నాను. వచ్చిన కొత్తలో అది మనిషిని చూస్తే కంచెకు గుద్దుకునేదట. తలకు తాడు హాల్టర్ వేసి కొస నేల మీద ఈడ్చుకునేలా వదిలేశారు. తన తాడు తానే తొక్కి, లాగితే నొక్కుకుంటుందని, తల వంచితే వదులవుతుందని దానంతటదే నేర్చుకుంది. తరవాత గుంజకు పొట్టిగా కట్టి పక్కన కూర్చోవడం. హోంవర్క్ అక్కడే చేసుకునేదాన్నంది. తరవాత నీళ్ల తొట్టి దాకా నడిపించడం, అదీ దాహం వేసినప్పుడు మాత్రమే. పక్క పొలంవాళ్లయితే కొత్త దూడను గాడిదకు జోడించి వదిలేస్తారట. గాడిద తన దాణా వేళకు తాను కొట్టానికి వస్తుంది, దూడ చచ్చినట్టు వెంట వస్తుంది. మనిషికి శ్రమ లేదు.

మేం చిన్నప్పుడే ముక్కు కుట్టి ముకుతాడు వేస్తామని చెబితే ఆమె మొహం చిట్లించి, “నొప్పి పుట్టదా?” అంది. పుడుతుందన్నాను.

కొట్టం గోడకు ఒక పొడుగాటి లోహపు కర్ర ఆనించి ఉంది. కొసన చిన్న కొక్కెం. ములుకర్ర అనుకున్నాను. దానితో పొడవరు. పోటీలో కాళ్లు సరైన చోట పెట్టించడానికి గిట్టల సందు దగ్గర మెల్లగా తాకిస్తారు, మిగతా సమయమంతా పొట్ట కింద గోకుతారు. గోకుతుంటే కోడె వీపు చదునుగా పెట్టి కదలకుండా నిలబడుతుంది. ఆమె గోకి చూపించింది. కోడె మెడ చాచింది. నన్నూ గోకమంది. కర్ర ఆపగానే అది తల తిప్పి నావైపు చూసింది, మళ్లీ గోకాను.

రాత్రి భోజనాల బల్ల దగ్గర తండ్రి లెక్కల పుస్తకం తీయించాడు. ఇదంతా పిల్లలకు వ్యాపారం నేర్పడానికేనన్నాడు. నాలుగాకుల పచ్చగుర్తు ఉన్న పల్లె పిల్లల సంఘంలో సభ్యులు ఇలా పద్దు రాయాల్సిందే. నాలుగాకులకు తల, గుండె, చేతులు, ఆరోగ్యం అని నాలుగు మాటలు. 1900ల మొదట్లో రైతులు వ్యవసాయ కాలేజీలు చెప్పే కొత్త పద్ధతుల్ని పట్టించుకోకపోతే, వాటిని వాళ్ల పిల్లలకు నేర్పి, పిల్లల చేను చూసి తండ్రులు మారతారన్న ఆలోచనతో మొక్కజొన్న క్లబ్బులు, తరవాత దూడల క్లబ్బులు వచ్చాయి. 1914 నాటి చట్టంతో వ్యవసాయ కాలేజీల విస్తరణ పనికి ప్రభుత్వ నిధులందాయి. పిల్లల క్లబ్బులూ ఆ నీడన పెరిగాయి.

పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో అన్నీ ఉన్నాయి. దూడ ధర, మొక్కజొన్న, ఓట్స్, సోయా పిండి, ఎండుగడ్డి, మందులు, కత్తిరింపు బ్లేళ్లు, బొచ్చుకు పట్టించే జిగురు డబ్బాలు. రోజుకు 3.3 పౌండ్ల చొప్పున, అంటే కిలోన్నర, బరువు పెరిగింది. తాజా తూకంలో 1,345 పౌండ్లు, 610 కిలోలు. మార్కెట్ రేటుకు అమ్మితే ఎంతొస్తుందో కింద లెక్క కట్టి ఉంది. ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. ఏసీ కరెంటు, ఆమె కూలి ఆ లెక్కలో లేవు. “మరి నష్టమే కదా?” అన్నాను. “వేలంలో సరిపోతుంది” అన్నాడు తండ్రి.

మర్నాడు ఫెయిర్ మైదానానికి వెళ్లాం. రేకుల షెడ్డు కింద బారులు తీరి పశువులు, ప్రతి పశువు తల పైన ఒక ఫ్యాను. బాత్రూములకన్నా పశువుల్ని కడిగే గచ్చు పెద్దది. రంపపు పొట్టు వాసన, షాంపూ వాసన, జిగురు స్ప్రే వాసన. పేడ వాసన వెతుక్కోవాల్సి వచ్చింది, తోక ఎత్తడం ఆలస్యం ఎవరో ఒకరు పారతో పరిగెత్తుతున్నారు. ప్రతి కోడె ఎదుటా ఒక బోర్డు: పిల్లల పేరు, కోడె పేరు. పేరు లేని కోడె నాకు కనబడలేదు. ఒక పన్నెండేళ్ల అబ్బాయి తన ఎర్ర హెరిఫోర్డ్ కోడెకు ‘బర్గర్’ అని పెట్టాడు. ఎందుకలా అంటే, “అలా పెడితే దగ్గరవ్వం అని మా అన్న చెప్పాడు” అన్నాడు. ఆ రాత్రి పొద్దుపోయాక మేం మళ్లీ అటు వెళ్లినప్పుడు వాడు ఆ బర్గర్ పొట్టకు తలానించి పొట్టులో నిద్రపోతున్నాడు.

పోటీ ముందరి ముస్తాబు గురించి కొంచెం చెప్పాలి. కోడెను ఇనుప చట్రంలో నిలబెట్టి ముగ్గురు దాని చుట్టూ చేరారు. కాళ్ల మీది బొచ్చును జిగురు కొడుతూ పైకి దువ్వి, నిలబెట్టి, క్లిప్పర్‌తో గీత గీసినట్టు కత్తిరించారు. దాంతో ఎముక లావుగా, తొడ నిండుగా కనబడుతుంది. తోక కొసను ఉండలా చుట్టారు. ఎక్కడ పల్లముంటే అక్కడ బొచ్చు ఎత్తుగా వదిలారు, ఎక్కడ ఎత్తుంటే అక్కడ తగ్గించారు. గంటలు పట్టింది. మాంసం పోటీలో బొచ్చుకెందుకింత ఆరాటమని అడిగాను. జడ్జి కంటికి మొదట పడేది అదేనన్నారు. కబేళాలో తోలు మొదట్లోనే ఒలిచేస్తారు.

పోటీ రింగులో కోడెలను బరువును బట్టి జట్లుగా పిలిచారు. తోలు హాల్టర్, గడ్డం కింద గొలుసు, ఎడమచేతిలో కర్ర, తల ఎత్తి పట్టుకుని పిల్లలు నడిచారు. కళ్లు మాత్రం కోడె మీద కాదు, జడ్జి మీద. జడ్జి ఒక్కొక్క కోడె దగ్గర ఆగి అరచేతిని చివరి పక్కటెముకల మీద పరిచి, వేళ్లు మెల్లగా నొక్కాడు. చర్మం కింద కొవ్వు ఎంత పట్టిందో ఆ వేళ్లకు తెలుస్తుంది. మరీ పలచనైతే మాంసానికి మంచి గ్రేడు రాదు, మరీ మందమైతే కొవ్వు కోసి పారేయాలి. మా పెదనాన్న కూడా సంతలో ఎద్దు పక్కటెముకల మీద అలాగే చెయ్యి వేసేవాడు, ఆయన వెతికింది మాత్రం కండను.

జడ్జి మైకు తీసుకుని కారణాలు చెప్పాడు. ఫలానా కోడెకు వీపు మీది కండ బాగుంది, ఫలానా కోడె కోశాక ఎక్కువ తూగుతుంది, ఫలానా దాని నడక ఇంకొంచెం సాఫీగా ఉండాల్సింది. మంచి కోడె బరువులో సుమారు 63 శాతం కళేబరంగా దక్కుతుంది. ఆ మాటలు వింటున్నంతసేపూ పిల్లలు కర్రతో కోడెల పొట్టలు గోకుతూనే ఉన్నారు. వాల్టర్ తన జట్టులో రెండోది వచ్చింది. అమ్మాయి జడ్జికి చేయి కలిపి, నవ్వి, రింగు దాటాక కోడె మెడ కింద రెండు తట్లు తట్టింది. తండ్రికి మొదటిదే రావాలని ఉన్నట్టుంది, కాసేపు మాట్లాడలేదు.

పక్క షెడ్డులో పెయ్యలున్నాయి. అక్కడి పిల్లల గొంతుల్లో హుషారు వేరేగా ఉంది. పెయ్యలు పోటీ అయ్యాక ఇంటికి వెళ్లిపోతాయి, ఈనుతాయి, మంద అవుతాయి. మొదటి కోడె తరవాత పెయ్యలకు మారిపోయిన పిల్లలు కొందరున్నారని అక్కడి వలంటీరు ఒకామె చెప్పింది. అయినా ఈ కాలం పిల్లలు ఏడవరని, అన్నీ ముందే తెలుసు కాబట్టి గట్టిగానే ఉంటారని ఆమే అంది. ఆమె తూకం బల్ల కింద కాగితపు రుమాళ్ల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

మధ్యాహ్నం మైదానం అవతల ట్రాక్టర్ లాగుడు పోటీ జరిగింది. ట్రాక్టర్ వెనక బరువు బండి, అది ముందుకు కదిలేకొద్దీ బరువు పెరుగుతుంది, ఎంత దూరం లాగితే అంత గొప్ప. ఇంత దూరం వచ్చి బండలాగుడే చూశానని నేనూ అల్లుడూ నవ్వుకున్నాం. నవ్వుతూనే నీడ కోసం మళ్లీ పశువుల షెడ్డుకే వచ్చి కూలబడ్డాం. నా కాళ్లు అప్పటికే పట్టేశాయి.

అమ్మాయి కోడె వీపు దువ్వుతోంది. మా పెదనాన్న గిత్తల ఫొటో ఫోన్లో చూపించాను, పాత నలుపు-తెలుపు ఫొటోకి తీసిన ఫొటో. మూపురాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది.

“ఇవి గెలిచాయా?”

“చాలాసార్లు.”

“ముసలివయ్యాక ఏం చేశారు?”

“సంతలో అమ్మేశాం.”

“ఎవరు కొన్నారు?”

“బేరగాడు.”

“ఆయనకూ పొలం ఉందా?”

“తెలియదు” అన్నాను.

ఆమె ఫోను తిరిగిచ్చి, బ్రష్‌లో చిక్కుకున్న వెంట్రుకలు తీసి, మళ్లీ దువ్వడం మొదలెట్టింది.

ఆఖరి రోజు వేలం. అదే రింగు, ఇప్పుడు చుట్టూ మెట్ల మీద ఊరి వ్యాపారులు. విత్తనాల డీలరు, ధాన్యం గిడ్డంగి యజమాని, పళ్ల డాక్టరు, బ్యాంకువాళ్లు. పాటగాడి నోట్లోంచి వచ్చేవి మాటలో అంకెలో నా చెవికి అందలేదు, కింద నిలబడ్డవాళ్లు చేయెత్తినప్పుడల్లా ‘యెప్!’ అని కేకలేశారు. పిల్లలు కోడెను గుండ్రంగా నడిపిస్తూ నవ్వు మొహం పెట్టుకున్నారు. నవ్వమని ముందే చెబుతారట. వాల్టర్‌ను ఊళ్లోని బ్యాంకు పాడుకుంది, అదీ లెక్కల పుస్తకంలోని మార్కెట్ రేటుకు బాగా పైన.

బ్యాంకు కోడెను ఏం చేసుకుంటుందని నా సందేహం. ఏమీ చేసుకోదు. మార్కెట్ రేటుకూ పాట రేటుకూ మధ్య తేడా బ్యాంకు కడుతుంది, కోడె మిగతావాటితో కలిసి మాంసం కంపెనీకి పోతుంది. పిల్లకొచ్చిన డబ్బును కాలేజీ చదువుకు దాస్తారు. చూస్తుండగా నాకు తోచింది ఒకటే, ఆ రింగులో ఎవరూ ధర కడుతున్నది మాంసానికి కాదు. ఇది వ్యాపారమేనన్న తండ్రి పక్కనే కూర్చుని ఉన్నాడు, ఆయనను అడగలేదు.

పాట అయ్యాక పిల్లలందరూ కడిగే గచ్చు దగ్గర వరస కట్టారు. ముస్తాబు కోసం కాదు. జిగురు, రంగు, స్ప్రే ఏమీ ఒంటి మీద లేకుండా కడిగి పంపాలని నిబంధన. అమ్మాయి మొదట జిగురు కరిగించే మందు రాసి, సబ్బు పెట్టి, కాళ్ల బొచ్చును పాయ పాయగా పిండింది. నిలబెట్టిన బొచ్చంతా కిందికి వాలిపోయి కాళ్లు సన్నగా కనబడ్డాయి. అప్పుడు మొదటిసారి అది నాకు తెలిసిన పశువులా అనిపించింది. కడగడం అయిపోయినా ఆమె నీళ్లు పోస్తూనే ఉంది. వెనక వరసలో ఉన్న అబ్బాయి తొందరపెట్టలేదు.

పొద్దు గూకాక లారీ వచ్చింది. మైళ్లకొద్దీ పొడవనిపించే అల్యూమినియం పెట్టె, గోడల నిండా చిల్లులు. చెవి బిళ్లల నంబర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరూ కోడెను ర్యాంపు దాకా నడిపించారు. ర్యాంపు మొదట్లో హాల్టర్ విప్పేయాలి. ఆ తాడు పిల్లల దగ్గరే ఉంటుంది. బర్గర్ అబ్బాయి హాల్టర్ విప్పలేదు. వాళ్ల అన్న వచ్చి వెనక నుంచి వాడి భుజాల మీద చేతులేసి నిలబడ్డాడు. గట్టిగా ఏడ్చింది అన్నే. వలంటీరు ఆమె పెట్టెలు తెరిచింది.

వాల్టర్ వంతు వచ్చినప్పుడు అమ్మాయి జేబులోంచి చిన్న కత్తెర తీసి తోక కుచ్చులోంచి ఒక పాయ కత్తిరించుకుంది. హాల్టర్ విప్పింది. కోడె ర్యాంపు ఎక్కకుండా వెనక్కి తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. తొమ్మిది నెలలుగా ఆమె ఎటు నడిస్తే అటు నడవడమే దానికి నేర్పింది. చివరికి ఆమే ముందు ర్యాంపు ఎక్కింది, అది వెంట ఎక్కింది, ఆమె పక్క తలుపులోంచి బయటికి వచ్చింది. తడి మొహాన్ని భుజానికి తుడుచుకుని, నీళ్ల గొట్టం చుట్టడానికి వెళ్లిపోయింది.

కబేళా ఎంత దూరమని డ్రైవరును అడిగితే తెల్లారేలోగా చేరతానన్నాడు. అక్కడ నొప్పి తెలియనివ్వరని తండ్రి చెప్పాడు. 1958 నాటి చట్టం ప్రకారం పశువును కోసే ముందు స్పృహ తప్పించాలి, నుదుటి మీద గూటం లాంటి పరికరంతో ఒక్క దెబ్బలో ఆ పని చేస్తారు. చట్టం ఉంది. లోపలికి నేను వెళ్లలేదు, ఆయనా ఎప్పుడూ వెళ్లలేదట.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాం. తెల్లవారుజామున మెలకువ వచ్చి బయటికొస్తే కొట్టంలో లైటు వెలుగుతోంది. తాత. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఏసీ గది తలుపు తెరిచి పెట్టి పొట్టు ఊడుస్తున్నాడు. గది ఇంకా చల్లగానే ఉంది, ఎవరూ ఆపినట్టు లేదు. కాఫీ తాగుతావా అని నన్ను పనిముట్ల గదిలోకి తీసుకెళ్లాడు. గోడకు మేకుల వరస, ఒక్కో మేకుకు ఒక హాల్టర్, దాని పైన మార్కరుతో ఏడాది. ఆయనవి, కొడుకువి, మనవరాలివి. అన్నిటికన్నా పాతది 1961.

“మీరు ఏడ్చారా ఆ ఏడాది?” అని అడిగాను.

“లేదు. మా నాన్న ఉండగా ఏడుపా? పశువు పశువే. ఒక్కదాన్నీ గుర్తుపెట్టుకోలేదు” అన్నాడు. కాఫీ రెండో గుక్కలో, 1961 కోడెకు ఎడమ కంటి చుట్టూ తెల్లటి మచ్చ ఉండేదని, నీళ్ల తొట్టిలో తాగే ముందు ముక్కుతో మూడుసార్లు కొట్టి అప్పుడు తాగేదని, గేటు గొళ్లెం నాలుకతో తీసేదని చెప్పుకుంటూ పోయాడు. కొత్త మేకు ఒకటి ఖాళీగా ఉంది. హాల్టర్ ఇంకా తడిగా ఉంది కాబట్టి బయట ఆరేశానన్నాడు.

పొద్దున వంటగదిలో అమ్మాయి బ్యాంకుకు ధన్యవాదాల ఉత్తరం రాస్తోంది. కొన్నవాళ్లకు చేత్తో ఉత్తరం రాయాల్సిందేనట, లేకపోతే చెక్కు ఇవ్వరు. కళ్లు ఉబ్బి ఉన్నా దస్తూరి పొందికగానే ఉంది. తండ్రి ఆమె ముందు సెప్టెంబరు దూడల వేలం క్యాటలాగు పెట్టాడు. ఇంత తొందరగానా అనుకున్నాను గానీ అక్కడ ఎవరికీ అది తొందరగా తోచలేదు. తల్లి గుడ్లు వేయిస్తూనే తొంగిచూసింది. మాకోసం విడిగా బంగాళాదుంపలు వేయించింది, ఫ్రీజర్లో నిరుటి కోడె మాంసం ఉందని, మేం తినమని అల్లుడు ముందే చెప్పాడట.

“ఈసారి నల్లది వద్దు” అంది అమ్మాయి, తలెత్తకుండా.

నల్లవాటికే మార్కెట్లో నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని తండ్రి. మాంసం అమ్మే పథకాలు కొన్ని నల్లతోలు పశువులనే తీసుకుంటాయి మరి. ఎర్రవాటికి ఎండ దెబ్బ తక్కువని ఆమె. పెయ్యను పెంచరాదూ అని తల్లి నెమ్మదిగా అంది. దానికెవరూ జవాబు చెప్పలేదు. తండ్రీకూతుళ్లు పేజీలు తిప్పుతూ 14వ నంబరు దూడ వెనక కాళ్ల వంపు బాగుందా లేదా అని వాదించుకున్నారు. నా అభిప్రాయం అడిగారు. ఫొటోలో కాళ్లు సగం గడ్డిలో ఉన్నాయి, చూడందే చెప్పలేనన్నాను. వెళ్లి చూద్దాం, ఆగస్టు చివర్లో ఖాళీయేనా అని తండ్రి మా అల్లుణ్ని అడిగాడు. అతను నావైపు చూశాడు.